హారన్ బేస్ ఇంట్లో పడుతుందా?

బేస్ బాక్స్ చేయించుకుందామని మెదక్‌లో ఎవరైనా బయల్దేరితే మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "ఎన్ని వాట్లది అన్నా?" సౌండ్ సిస్టమ్ అద్దెకిచ్చే కుర్రాడూ అదే అడుగుతాడు, హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ దుకాణదారూ అదే అడుగుతాడు. మామూలు బాక్సుకు ఆ ప్రశ్నతో కొంత పని జరుగుతుంది. హారన్ బేస్‌కు జరగదు. అక్కడ అడగాల్సింది జాగా ఎంతుందని. ఈ విద్య మీద నూరేళ్ళుగా పేరుకున్న లెక్కలూ డిజైన్లూ వాదాలూ అన్నీ తిరగేస్తే చివరికి తేలేది జాగా దగ్గరే. అయినా మన దగ్గర ఆ మాట ఎత్తేవాళ్ళు తక్కువ.

హారన్ మనకు కొత్త వస్తువు కాదు. గుడి మీద, మసీదు మీద, ఎన్నికల ఆటో మీద కనిపించే బూడిద రంగు మైకు హారనే. లోపల ఉండేది అరచేతిలో పట్టే చిన్న యూనిట్. కొద్ది వాట్లతోనే దాని కేక పొలాల అవతలికి పోతుంది. ఏడుపాయల శివరాత్రి జాతరలో తప్పిపోయిన పిల్లల పేర్లు చదివేది అలాంటి మైకుల్లోనే. ఆ మైకును విప్పి చూస్తే గొట్టం నేరుగా ఉండదు. లోపలికి పోయి, వెనక్కి తిరిగి, మళ్ళీ ముందుకొస్తుంది. అంటే హారన్‌ను మడత పెట్టే పద్ధతి మన ఊరి స్తంభాల మీద ఏళ్ళుగా వేలాడుతూనే ఉంది. అయితే ఆ మైకు పనిచేసేది కొన్ని వందల హెర్ట్జ్ పైన, మాట వినిపించే మేరకు. అదే సూత్రాన్ని 30, 40 హెర్ట్జ్ వరకు దించాలంటే ఏం కావాలన్నదే ఇక్కడి ప్రశ్న.

హారన్ చేసే పని మొదట చూద్దాం. స్పీకర్ కోన్ బరువైనది, గాలి తేలికైనది. ఆ రెంటి పొత్తు గడ్డపారతో దూదిని కొట్టినట్టుంటుంది: బలం ఎంత పెట్టినా దూదికి అందేది స్వల్పం. మామూలు బాక్సులో 12 అంగుళాల స్పీకర్‌కు 100 వాట్లిస్తే శబ్దంగా మారేది సుమారు ఒక వాటు, మిగతాదంతా కాయిల్ వేడి. కోన్ ముందు ఇరుకు గొంతు పెట్టి, అక్కడి నుంచి క్రమంగా వెడల్పయ్యే దారి ఇస్తే గాలి కోన్‌కు ఎదురునిలుస్తుంది, కోన్ బలం గాలికి అందుతుంది. పద్ధతిగా కట్టిన హారన్ ఇచ్చిన కరెంటులో 10 నుంచి 30 శాతం దాకా శబ్దంగా మార్చగలదు. 20 శాతమనుకుంటే, అక్కడ 100 వాట్లు చేసిన పని ఇక్కడ 5 వాట్లు చేస్తాయి. హారన్ కొత్తగా బలం పుట్టించదు, ఉన్నదాన్ని వృథా పోనివ్వదు. డీజే పిల్లలు "హారన్ బాక్స్‌కు పవర్ ఎక్కువ" అనడంలో ఈ తేడా కొట్టుకుపోతుంది.

దీని గణితాన్ని అమెరికన్ భౌతికశాస్త్రవేత్త ఆర్థర్ గోర్డన్ వెబ్‌స్టర్ 1919లో అచ్చువేశాడు. 1924లో హన్నా, స్లెపియన్ అనే ఇద్దరు ఇంజినీర్లు ఎక్స్‌పొనెన్షియల్ హారన్‌ను, అంటే సమాన దూరాల్లో వైశాల్యం సమాన రెట్లు పెరిగే ఆకారాన్ని, స్పీకర్లకు వర్తింపజేశారు. ఆ మరుసటి ఏడే రైస్, కెల్లాగ్ హారన్ లేకుండా నేరుగా మోగే స్పీకర్‌ను చూపించారు. ఇప్పుడు మన ఇళ్ళలో ఉన్న స్పీకర్లన్నీ ఆ వంశమే. అయినా సినిమా హాళ్ళు చాలాకాలం హారన్‌ను వదల్లేదు. అప్పటి ఆంప్లిఫయర్లు ఇచ్చేది పది ఇరవై వాట్లు, నింపాల్సింది వెయ్యి మంది కూర్చునే హాలు. వాట్లు ఖరీదైన రోజుల్లో జాగా చవక. ట్రాన్సిస్టర్లు వచ్చాక లెక్క తారుమారైంది, ఇళ్ళలోంచి హారన్ వెళ్ళిపోయింది. ఇప్పుడు దాన్ని తిరిగి ఇంటికి తెచ్చుకుంటామనేవాడు ఈ చరిత్రకు ఎదురీదుతున్నాడు. అందులో తప్పేం లేదు గాని, ఎదురీత అని తెలిసి దిగాలి.

ఇక జాగా లెక్క. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. 30 హెర్ట్జ్ అల పొడవు 11.4 మీటర్లు, 20 హెర్ట్జ్ అల 17 మీటర్లు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మన మెదక్ కెథెడ్రల్ గోపురం ఎత్తు సుమారు 173 అడుగులు; 20 హెర్ట్జ్ అలలు మూడు ఒకదానిపై ఒకటి నిలబెడితే దాదాపు ఆ ఎత్తుకు చేరతాయి. హారన్ నోరు ఈ అలకు తగ్గట్టు ఉండాలి. పాత సూత్రం ప్రకారం నోటి చుట్టుకొలత అల పొడవంత. 30 హెర్ట్జ్‌కు ఆ నోరు ఆకాశంలో వేలాడదీస్తే 10.4 చదరపు మీటర్లు కావాలి. నేల మీద పెడితే నేల అద్దంలా పనిచేసి సగం చాలు, 5.2. నేలా గోడా కలిసే చోట 2.6. రెండు గోడలూ నేలా కలిసే మూలలో 1.3 చదరపు మీటర్లు, అంటే 14 చదరపు అడుగులు. ఎనిమిదో వంతుకు వచ్చింది. మూల ఊరికే ఇచ్చే ఈ దానాన్ని కాదని గది మధ్యలో హారన్ పెట్టాలనుకునేవాళ్ళకు ఏ డిజైనూ సాయం చేయలేదు.

మిగతా కొలతలూ చూద్దాం. 30 హెర్ట్జ్ ఎక్స్‌పొనెన్షియల్ హారన్‌లో దారి వైశాల్యం ప్రతి 63 సెంటీమీటర్లకూ రెట్టింపవుతుంది. గొంతు 400 చదరపు సెంటీమీటర్ల దగ్గర మొదలైతే మూలలో పెట్టే హారన్ పొడవు 3.2 మీటర్లు, లోపలి గాలి సుమారు 1150 లీటర్లు. స్పీకర్ వెనకుండే మూసిన గది, చెక్క మందం కలిపితే బయటి కొలత 50 ఘనపుటడుగుల దగ్గర తేలుతుంది. పదికి పన్నెండు గదిలో నాలుగడుగుల ఎత్తు బాక్స్ కడితే నేలలో పదో వంతు పోయినట్టే. అదే 40 హెర్ట్జ్ చాలనుకుంటే గాలి 470 లీటర్లకు దిగుతుంది. పది హెర్ట్జ్ ఆశ తగ్గించుకుంటే సగానికి పైగా జాగా మిగిలిందన్నమాట. పరిమాణం అల పొడవు ఘనంతో పెరుగుతుంది కాబట్టి, 20 హెర్ట్జ్ హారన్ ఇంట్లో కడతానని ఎవరైనా అంటే ఇల్లు ఎంత పెద్దదో అడగాలి.

ఈ మూల సంగతిని అందరికన్నా బాగా వాడుకున్నవాడు పాల్ క్లిప్ష్. 1941లో చిన్న కొలతల్లో పట్టే తక్కువ స్వరాల హారన్ గురించి వ్యాసం రాశాడు. తర్వాత అర్కాన్సాలోని హోప్ అనే చిన్న ఊళ్ళో కంపెనీ పెట్టి 1946 నుంచి క్లిప్ష్‌హారన్ అమ్మాడు. అందులో 15 అంగుళాల స్పీకర్ ఉంటుంది, దారి ముడుచుకుని వెనక్కి వస్తుంది, చివరి భాగం గది గోడలే. మొదట్లో ఆ బాక్స్ వెనకభాగం తెరిచే ఉండేది. గోడ లేకపోతే హారన్ పూర్తికాదు. ఒక వాటుకు 105 డెసిబెల్ ఇస్తుందని కంపెనీ చెబుతుంది, మామూలు బాక్సు 90 దాటడమే గొప్ప. అదే మనిషి 1963లో లా స్కాలా అనే మరో హారన్ తెచ్చాడు. అర్కాన్సా గవర్నర్ పదవికి పోటీచేసిన విన్‌త్రాప్ రాక్‌ఫెల్లర్ ప్రచారంలో మైకుగా వాడేందుకు అది మొదలైందంటారు. ఎన్నికలకూ హారన్‌కూ బంధం ఒక్క తెలంగాణ ఆటోలదే కాదు. లా స్కాలాకు మూల అక్కర్లేదు, కానీ 50 హెర్ట్జ్ కింద అది దాదాపు చేతులెత్తేస్తుంది. ఒకే చేయి కట్టిన ఈ రెండు పెట్టెలూ పక్కపక్కన పెట్టి చూస్తే మూల విలువ తెలుస్తుంది.

ఇప్పుడు వాడుకలో ఉన్న డిజైన్లలో మొదటిది ముందుకు మోగే మడత హారన్, పైన లెక్క వేసింది అదే. వెనక మూసిన చిన్న గది, ముందు హారన్. శబ్దం అన్నిటికన్నా శుభ్రం, జాగా అన్నిటికన్నా ఎక్కువ. రెండోది స్కూప్: స్పీకర్ ముఖం బయటికే కనిపిస్తుంది, వీపు హారన్‌లోకి మోగుతుంది. జమైకా వీధి సౌండ్ సిస్టమ్‌లు దీన్ని ప్రపంచానికి అంటించాయి. ముందు శబ్దం ఒక దారినా వెనక శబ్దం మూడు మీటర్లు తిరిగి మరో దారినా వచ్చి కలిసేచోట కొన్ని స్వరాలు పొంగుతాయి, కొన్ని మునుగుతాయి. వీధిలో అది ఊపుగా అనిపించవచ్చు, ఇంట్లో తంబూర శ్రుతి వినాలనుకునేవాడికి చికాకు. నా మట్టుకు స్కూప్ ఇంటి వస్తువు కాదు.

మూడోది ట్యాప్డ్ హారన్. అమెరికాలో టామ్ డాన్లీ 2000ల దశకంలో దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఇందులో కోన్ రెండు ముఖాలూ ఒకే హారన్‌లో ఉంటాయి, ఒకటి గొంతు దగ్గర, రెండోది నోటి దగ్గర. దారి పొడవు అలలో నాలుగో వంతు, 30 హెర్ట్జ్‌కు సుమారు 2.9 మీటర్లు. ఆ పొడవులో వెనక శబ్దం తిరిగొచ్చేసరికి ముందు శబ్దంతో చేయి కలుపుతుంది. అందుకే 12 అంగుళాల స్పీకర్‌తో 250 నుంచి 350 లీటర్లలో 30 హెర్ట్జ్ దాకా దిగొచ్చు. పూర్తి హారన్‌తో పోలిస్తే నాలుగో వంతు జాగా. ధర వేరేచోట కట్టాలి: 100 హెర్ట్జ్ దాటాక గుంతలూ గుట్టలూ మొదలవుతాయి, కాబట్టి దాన్ని 80, 90 దగ్గర కోసేయాలి. స్పీకర్ లోపల ఇరుక్కుని ఉంటుంది కనుక కాయిల్ కాలితే బయటికి తీయడానికి మూత ముందే ఆలోచించి పెట్టాలి. మెదక్ లాంటి ఊళ్ళో, మామూలు ఆర్‌సీసీ ఇంట్లో, మూల ఒకటి ఖాళీగా ఉన్నవాడికి నేను చెప్పే డిజైన్ ఇదే. మూల లేనివాడు హారన్ ఆలోచన మానుకుని 90 లీటర్ల మామూలు పోర్టు బాక్సు కట్టుకుంటే సుఖపడతాడు. తక్కువ స్వరం, చిన్న బాక్సు, ఎక్కువ శబ్దం, ఈ మూడూ ఒకేసారి దొరకవని కేఎల్‌హెచ్ కంపెనీ స్థాపకుల్లో ఒకడైన హాఫ్‌మన్ చెప్పిన సూత్రాన్ని ఇంతవరకు ఎవరూ ఓడించలేదు. హారన్ కూడా ఓడించలేదు, బాక్సు చిన్నదిగా ఉండాలన్న కోరికను వదులుకుందంతే.

ఊరేగింపుల్లో డీసీఎం వ్యాన్ల మీద పేర్చే పెట్టెల్ని చూసి చాలామంది ఇంట్లో హారన్ ఆశ పెంచుకుంటారు కాబట్టి వాటి గురించి ఒక మాట. ముందు భాగం వాలుగా ఉన్నంత మాత్రాన అది 30 హెర్ట్జ్ హారన్ కాదు. మీటరున్నర దారి, చిన్న నోరు ఉన్న పెట్టె ఒక్కటే ఆరుబయట 50, 60 హెర్ట్జ్ కింద పెద్దగా చేసేదేమీ ఉండదు. వాటిని నాలుగు, ఎనిమిది చొప్పున ఆనించి పేర్చడంలో మాత్రం శాస్త్రం ఉంది. నోళ్ళు కలిసి ఒక పెద్ద నోరవుతాయి. రెండు పెట్టెలు ఆనించి పెడితే 6 డెసిబెల్ పెరుగుతుంది: మూడు రెట్టింపైన కరెంటు వల్ల, మూడు కలయిక వల్ల. గుండెల మీద కొట్టినట్టుండే ఆ దెబ్బ ఎక్కువగా 50 నుంచి 80 హెర్ట్జ్ మధ్యది. తీన్మార్‌కు అది చాలు. సినిమాలో భూకంపానికి చాలదు. 1974లో 'ఎర్త్‌క్వేక్' సినిమా కోసం హాళ్ళలో సెర్విన్ వేగా మడత హారన్లు దించినప్పుడు సెన్‌సరౌండ్ అనే ఆ పద్ధతి ఆశించింది అంతకన్నా కింది స్వరాలను, చెవికంటే ఒంటికి తెలిసేవాటిని.

స్పీకర్ ఎంపికలో మన మార్కెట్‌తో వచ్చే చిక్కు వేరు. పెట్టె మీద వాట్లుంటాయి, అంగుళాలుంటాయి, హారన్‌కు కావలసిన అంకెలుండవు. ఆ అంకెలను ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో, రిచర్డ్ స్మాల్ 1970ల మొదట్లో స్థిరపరిచారు. అందుకే వాటిని థీల్-స్మాల్ కొలతలంటారు. స్వతహాగా కోన్ ఊగే పౌనఃపున్యం, దాన్ని అదుపుచేసే అయస్కాంతం బలం, కోన్ బరువు, వేలాడే భాగం మెత్తదనం, ఇవి తెలియకుండా హారన్ గీయడమంటే కొలత తీసుకోకుండా జాకెట్టు కుట్టడమే. మూసిన బాక్సుకు చవక స్పీకర్ సర్దుకుంటుంది. ముందుకు మోగే హారన్‌కు బలమైన అయస్కాంతం తప్పదు. డి. బి. కీల్ 1977లో ఇచ్చిన సూత్రం ఒకటి గుర్తుంచుకుంటే చాలు: సహజ పౌనఃపున్యాన్ని రెట్టించి, విద్యుత్ క్యూ అనే అంకెతో భాగిస్తే హారన్ పైకి ఎంతదాకా మోగుతుందో వస్తుంది. 40 హెర్ట్జ్, 0.4 అయితే 200. క్యూ 0.8 ఉన్న బలహీన స్పీకర్‌కు అది 100కు పడిపోతుంది, హారన్ మీద పెట్టిన చెక్క దండగ.

అంకెలు లేని స్పీకర్‌ను ఇంట్లోనే కొలవొచ్చు. ఫోన్‌లో టోన్ యాప్, చిన్న ఆంప్లిఫయర్, ఒక పెద్ద రెసిస్టర్, మల్టీమీటర్ చాలు. స్పీకర్‌కు వరసలో రెసిస్టర్ కలిపి స్వరం మార్చుకుంటూ పోతే, స్పీకర్ కొసల మధ్య ఓల్టేజీ ఎక్కడ గరిష్ఠమో అదే సహజ పౌనఃపున్యం. మల్టీమీటర్లు 50 హెర్ట్జ్ కరెంటు కోసమే తయారైనవి కాబట్టి ఈ పరిధిలో నమ్మొచ్చు. కోన్ బరువు తెలియాలంటే దాని మీద తెలిసిన బరువు పెట్టి మళ్ళీ కొలవాలి. ఇత్తడి రంగు ఐదు రూపాయల నాణెం 6 గ్రాములు. అయస్కాంతానికి అంటదు కాబట్టి పనికొస్తుంది. స్టీలు రూపాయి, రెండు రూపాయల బిళ్ళలు వద్దు, కింది అయస్కాంతం వాటిని లాగి కొలతను చెడగొడుతుంది. ఆరు నాణేలు కోన్ మీద కదలకుండా అంటిస్తే 36 గ్రాములు. 40 హెర్ట్జ్ కాస్తా 33కు దిగిందనుకుంటే, రెండింటి నిష్పత్తిని వర్గం చేసి ఒకటి తీసేసి, 36ను దానితో భాగించాలి. కోన్ సుమారు 77 గ్రాములని తేలుతుంది. ముప్పై రూపాయలతో ఇంత సమాచారం మరెక్కడా దొరకదు, పైగా కొలిచాక ఆ ముప్పై రూపాయలూ మనవే.

ఆ అంకెలు పట్టుకుని హార్న్‌రెస్ప్ ముందు కూర్చోవాలి. ఆస్ట్రేలియాకు చెందిన డేవిడ్ మెక్‌బీన్ రాసి ఉచితంగా ఇస్తున్న విండోస్ ప్రోగ్రాం అది. ఇంట్లో హారన్ కట్టుకునేవాళ్ళ ప్రపంచంలో దాన్ని దాటి పోయినవాడు లేడు. తెర చూస్తే పాత బ్యాంకు కంప్యూటర్ గుర్తొస్తుంది, లోపల లెక్క మాత్రం గట్టిది. గొంతు, నోరు, మధ్య దారి పొడవులు ఇస్తే ఏ స్వరం దగ్గర ఎంత శబ్దం, కోన్ ఎంత ఊగుతుంది, రెండూ గీసి చూపిస్తుంది. జాగ్రత్త పడాల్సిన గడి ఒకటుంది: బాక్స్ ఆరుబయట గాల్లో ఉందా, నేల మీదా, గోడ పక్కనా, మూలలోనా అని అడిగే గడి. మూల అని పెడితే గీత అందంగా వస్తుంది. ఆ గీతను నమ్మి కట్టి, తర్వాత ఇంట్లోవాళ్ళు ఒప్పుకోలేదని సోఫా పక్కన పెట్టేవాడికి కంప్యూటర్ ఏం బాధ్యత వహిస్తుంది? ఇంట్లో ఒప్పందం ముందు, గీత తర్వాత.

మూల అనగానే వాస్తు వస్తుంది. ఈశాన్యంలో బరువు పెట్టనివ్వరు, పూజగది కూడా తరచు అటే. నైరుతిలో బరువుండాలంటారు. వంద కిలోల పెట్టెకు నైరుతి మూల అడిగితే ఇంటి పెద్దలు కాదనలేరు. ధ్వనిశాస్త్రానికి ఏ దిక్కైనా ఒకటే, రెండు వైపులా మీటరు, మీటరున్నర మేర తలుపు లేని గోడ ఉంటే చాలు.

చెక్కపని గురించి పుస్తకాలు తక్కువ రాస్తాయి, పని చెడేది ఎక్కువగా అక్కడే. 18 మిల్లీమీటర్ల ప్లై, ఎనిమిది బై నాలుగు షీటు, ఒక్కొక్కటి 33 కిలోల పైమాటే. ట్యాప్డ్ హారన్‌కు రెండు మూడు షీట్లు పడతాయి. మామూలు తేమ తట్టుకునే రకం కాకుండా ఐఎస్ 303లోనే మరుగునీటిని తట్టుకునే బీడబ్ల్యూఆర్ రకం తీసుకోవాలి. శ్రావణ భాద్రపదాల తేమకు లోపలి పలకలు ఉబ్బితే విప్పి సరిచేసే వీలుండదు. ఐఎస్ 710 మెరైన్ ప్లై ఇంకా మంచిది, ఇంట్లో అంత అక్కర్లేదు. ఎండీఎఫ్ వద్దు, స్క్రూ పట్టు తక్కువ, నీళ్ళంటే భయం. మన వడ్రంగికి తలుపులు, మంచాలు, వంటింటి అరలు కొట్టిన పిండి. హారన్ బాక్స్ చిత్రం చూపిస్తే లోపలి పలకలు ఇన్ని వంకరలెందుకని అడుగుతాడు, సబబైన ప్రశ్నే. ఒక పక్క పలకను నేల మీద పరిచి, లోపలి దారి మొత్తం పెన్సిల్‌తో అసలు కొలతలో గీసి చూపించడమే దానికి జవాబు. ఆ గీతల మీదే అడ్డు పలకలు నిలబెట్టి, ఫెవికాల్, స్క్రూలతో బిగించి, చివర రెండో పక్క మూయాలి. నిటారు పలకలే పక్కలను పట్టి ఉంచుతాయి కాబట్టి హారన్ పెట్టె మామూలు బాక్సుకన్నా గట్టిగా ఉంటుంది. నోటి దగ్గరి వెడల్పు పలకలకు మాత్రం మధ్యలో అడ్డుకర్ర వేయాలి.

మడతల దగ్గర శబ్దం ఆగిపోతుందేమోనన్న భయం చాలామందికి ఉంటుంది. 100 హెర్ట్జ్ అల కూడా మూడున్నర మీటర్లు. అడుగు వెడల్పు దారిలో అది మలుపును గమనించదు. మలుపు దగ్గర వైశాల్యం హఠాత్తుగా పెరగకుండా మూలలో ఏటవాలు ముక్క పెడితే మంచిది, పెట్టకపోతే ప్రళయం రాదు. గాలి లీకయితే మాత్రం వస్తుంది. మూసిన గదిలో సన్న సందు ఉన్నా బుస్సుమంటుంది. 30 హెర్ట్జ్ స్వరం పెట్టి, వెలిగించిన అగరుబత్తిని కీళ్ళ వెంట నడిపిస్తే పొగ వణికిన చోటే సందు. పోతే, మే నెల వేడికి ధ్వని వేగం 355 మీటర్లకు చేరి హారన్ ఒక హెర్ట్జ్ పైకి జరుగుతుంది. దాన్ని పట్టించుకునేవాడికి ఇంకేదీ పనిలేదనుకోవాలి.

కట్టిన తర్వాత రెండు పనులు విడిచిపెట్టకూడదు. మొదటిది హై-పాస్ ఫిల్టర్. హారన్ తన హద్దు కింద కోన్‌ను వదిలేస్తుంది. 30 హెర్ట్జ్ హారన్‌కు 18 హెర్ట్జ్ శబ్దం వస్తే కోన్ పట్టు లేక ఎగిరి కాయిల్ దెబ్బతింటుంది. 27, 28 దగ్గర నిటారుగా కోసేయాలి. రెండోది ఆలస్యం సర్దడం. మూడు మీటర్ల దారి తిరిగి వచ్చే శబ్దం పైస్పీకర్ల కన్నా సుమారు 9 మిల్లీసెకన్లు వెనకబడుతుంది. డప్పు దెబ్బకు ముందు చర్మం చప్పుడు, తర్వాత గుమ్ము, విడివిడిగా వినిపించినట్టుంటుంది. పైస్పీకర్లను అంతమేర ఆపితే దెబ్బ ఒక్కటవుతుంది. ఇప్పుడు చిన్న డీఎస్పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్) బోర్డులు ఈ రెండు పనులూ చేస్తాయి. ఆంప్లిఫయర్‌కు మాత్రం ఖర్చు తగ్గించుకోవచ్చు: 50 వాట్లు చాలు, కరెంటు పోతే ఇంటి ఇన్వర్టర్ మీదే నడుస్తుంది. కాయిల్ చల్లగా ఉండటం వల్ల ఇంకో లాభం ఉంది. రాగి నిరోధం డిగ్రీకి 0.39 శాతం పెరుగుతుంది. 200 డిగ్రీలు వేడెక్కిన కాయిల్ నిరోధం ముప్పావు వంతు పెరిగి, ఆంప్ పెంచినంతగా శబ్దం పెరగదు. పెళ్ళి బరాత్ రెండో గంటలో బేస్ నీరసించడానికి ఒక కారణం అదే.

గది కూడా వాద్యంలో భాగమే. పదికి పన్నెండు అడుగుల గదిలో పన్నెండు అడుగుల వైపు 47 హెర్ట్జ్ దగ్గరా, పదడుగుల వైపు 56 దగ్గరా నిలబడి మోగుతుంది. కప్పు ఎత్తు కూడా పదడుగులైతే 56 మీద రెండు గుట్టలు ఒకదానిపై ఒకటి పడతాయి. ఇటుక గోడలూ సిమెంటు కప్పూ బేస్‌ను మింగవు, తిప్పి కొడతాయి. అమెరికన్ ఇళ్ళలో పలకల గోడలు కొంత బేస్‌ను బయటికి వదిలేస్తాయి కాబట్టి అక్కడివాళ్ళ కొలతలు మన గదికి అతకవు. మనకు 40 కింద కొంత ఊరికే కలిసొస్తుంది, 47, 56 దగ్గర మాత్రం గుయ్యిమంటుంది. పైగా స్టీలు బీరువా తలుపు, కిటికీ అద్దం, అటక మీది గిన్నెలు వాటి సొంత స్వరాలతో పాల్గొంటాయి. కొన్నిసార్లు బేస్ బాగా లేదనుకున్నది బీరువాయే.

ఇక ఇల్లు దాటితే చట్టం. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్ హద్దు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్ స్పీకర్ కుదరదు. 2005 జూలైలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా నిలబెట్టింది. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. వాటి మంచిచెడ్డల చర్చ వేరు. బేస్ కట్టేవాడు గమనించాల్సింది ఆ హద్దుల్లోని ఒక ఖాళీని. నియమాల్లోని డెసిబెల్ 'ఏ' తూకంతో కొలిచేది. ఆ తూకం చెవి తీరును అనుసరించి తక్కువ స్వరాలను తగ్గించి లెక్కిస్తుంది, 40 హెర్ట్జ్ దగ్గర ఏకంగా 34.6 డెసిబెల్. అంటే 40 హెర్ట్జ్‌లో 89 డెసిబెల్ మోగుతున్నా మీటరు 54 చూపించి ఊరుకుంటుంది. పగటిపూట చట్టం దృష్టిలో అది నేరం కాదు. అయితే 40 హెర్ట్జ్ వినిపించడం మొదలయ్యేది 51 డెసిబెల్ దగ్గర. 89 అంటే దానికి 38 పైన, గోడలు తడిమితే తెలిసేంత. పైగా తక్కువ స్వరాల్లో కొద్దిగా పెంచినా చెవికి చాలా పెరిగినట్టుంటుంది. మాటలను ఆపే గోడ ఈ స్వరాలను అంతగా ఆపదు. అందుకే పక్కింటి పెద్దమ్మ ఫిర్యాదు ఎప్పుడూ ఇలా ఉంటుంది: "మీ పాటైతే వినబడ్తలేదు బిడ్డా, మా అల్మారల గిన్నెలు మోగుతున్నయ్."

ఆ గిన్నెలనే కొలమానంగా పెట్టుకోవచ్చు. పెద్దమ్మను అడిగి ఆమె వంటింట్లో ఒకరు నిలబడాలి, ఇవతల ఒకరు 30 నుంచి 80 దాకా స్వరాన్ని మెల్లగా పెంచుతూ పోవాలి. గిన్నెలు మోగే స్వరం ఒకటో రెండో ఉంటాయి, చాలాసార్లు గది మోగే 47, 56 చుట్టుపక్కలే. డీఎస్పీలో ఆ స్వరాల దగ్గర ఆరేడు డెసిబెల్ దించితే ఇవతల పాట పెద్దగా చిక్కిపోదు, ఎందుకంటే గది అప్పటికే వాటిని అంతకు మించి పెంచుతూ ఉంటుంది.